ఏడో నెంబరు మంచం

అబ్బా, నా పేరు చెంగల్రాయుడు.
బెల్లం మండీలో కాటా ముందర
ముప్పైరెండేండ్లు నిలబడినోణ్ణి.
డాక్టర్ను కాను, బెదురుకోవద్దు.
పోయినేడు తోతాపురి కాపు కాలంలో
ఈ మంచం మింద పండుకోనుండింది నేనే.
నీ మాదిరే గోడపక్కకు తిరుక్కోని
సున్నం పెచ్చు లేచిన చోట
ఒక ఏనుగును కనిపెట్టినా.
ఇంకా ఉండాదా?
ఓ, సున్నం కొట్టేసినారా.

డాక్టరమ్మ వచ్చి అడగతాది, ఎట్లుండాదని.
నువ్వు నోరు తెరవవు.
తిన్నదీ, నిద్రపోయిందీ, ఒంటేలికి పొయ్యిందీ
అన్నీ మీ ఇంటామే చెప్తాది.
నా కాడా అంతే. సుబ్బరత్న చెప్తా ఉంటే
నేను కాటా కెక్కించిన బెల్లం దిమ్మ మాదిరి
కదలకుండా ఉంటిని.

నీ గుండె అబ్బా అది.
యాడ పట్టిందో, రేత్రి మూడుగంటలకు
ఎందుకు లేచి కూచున్నావో
ఆమెకెట్ల తెలుస్తాది?
'భయమైతాంది' అనే ఒక్క మాటకు
నాకు పన్నెండు దినాలు పట్టె.
డాక్టరమ్మ నవ్వలా. రాసుకునింది.

ఇంటికి పోయినాక, కట్టమంచి చెరువు కట్ట మింద
కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకుంటా నడవమనింది
ఫిజియో పాప హసీనా.
మొదటి దినం రెండో స్తంభం కాడనే
కూలబడి ఏడిస్తి.
చెనక్కాయలమ్మే ముసిలామె ఏమీ అడగలా,
తట్ట పక్కకు జరిపి చోటిచ్చింది.
మర్రోజు మూడు.

నడాన పదైదు దినాలు మానుకుంటి,
అబద్ధమెందుకు.
మాత్రలు గూడా. బాగైపోయిందనుకుంటి.
తెల్లమాత్ర మానితే ఏమైతాదో
హసీనా నిలబెట్టి చెప్పింది.
అది నేను చెప్పను. నువ్వే అడుగు.
ఇప్పుడు ఇరవైనాలుగు స్తంభాలు.
ఇరవైమూడోది వెలగదు,
కరెంటాఫీసులో రెండుసార్లు రాసిచ్చినా.

కాటా ముల్లును ఎప్పుడన్నా చూసినావా?
బరువు పడంగానే అట్లా ఇట్లా కొట్టుకుంటాది.
అప్పుడే లెక్క చదివినోడు మోసపోతాడు.
ఊగనీ.
నిలబడే దాకా పక్కన మనిషుండాల, అంతే.
ఆ మనిషివి నువ్వే.

మాట్లాడవా? సరే,
మంగళారం మళ్లా వస్తా.

ఏందీ?
బెల్లం ధరా?
సేద్యగాడివా నువ్వు! ముందే చెప్పకూడదా!
ఉండుండు, చెప్పులు మంచం కిందుండాయి.
సిస్టరమ్మను అడిగే వచ్చినా,
కిటికీ దాకా పోవచ్చంట.
నడుస్తా చెప్తా, రా.
మెల్లంగా.
ధర యాడికీ పోదు.