ముందున్న చుక్క

స్నీనాలో, వంతెన దాటాక మూడో ఇల్లు.
మెలానియా బల్ల మీద పదకొండు చెప్పుల పెట్టెలు,
వాటి నిండా చీటీలు.
ఒక్కో చీటీకి ఒక మాట, దాని ఊరు, దాని చుట్టాలు.

ఈ చలికాలమంతా ఆమె ఒకే క్రియ మీద కూర్చుంది:
*పెక్తి.
ముందున్న చుక్క ఊరికే పెట్టింది కాదు.
ఈ మాట పలకగా విన్నవాళ్లు లేరు,
ఏ రాతి మీదా లేదు, ఏ తోలు మీదా లేదు.
మనవల ముక్కులు చూసి ముత్తాత ముక్కు గీసినట్టు
గీసుకున్నామని ఆ చుక్క ఒప్పుకోలు.

రొట్టె కాల్చడం. అంతే దాని అర్థం.
పోలండు నోట అది చాపలో చ,
రష్యా నోట చెవిలో చ,
బల్గేరియా చేరేసరికి ష్ట అని చిటపటలాడింది.
చెమట కూడా దాని బిడ్డేనట: పొత్.
పొయ్యి ముందు నిలబడ్డవాళ్లకు
ఈ వ్యుత్పత్తి ఎవరూ చెప్పక్కర్లేదు.

పెట్టె అట్టడుగున ఒక దూరపు చుట్టం: పచతి.
పక్కన పెన్సిలుతో, "అంత దూరం ఎలా?"
ఆ నిప్పు మా బెల్లప్పాకం దాకా వచ్చిందని
ఆమెకు తెలీదు.

తండ్రి హవ్రీలో పొయ్యిలు కట్టేవాడు.
బంకమట్టిలో గుర్రపు వెంట్రుకలు కలిపేవాడు,
ఎందుకంటే చెప్పేవాడు కాదు.
ఆ పొయ్యి మీది అరుగే నానమ్మ పడక.
ఒక మార్చి తెల్లారి ఆమె లేవలేదు.
కింద ఇటుకలు వెచ్చగా ఉన్నాయి,
ఒళ్లు చల్లబడిందో లేదో
చాలాసేపు ఎవరికీ తేలలేదు.

ఒక్క చీటీ మాత్రం రెండు నెలలుగా
చక్కెర డబ్బా కిందే ఉంది.
పెచాల్. దుఃఖం.
ఇదీ ఆ మూలానిదే అంటాయి పాత నిఘంటువులు.
రొట్టెకీ దుఃఖానికీ ఒకటే తల్లి అని రాస్తే
చదివేవాళ్లు కవిత్వం అనుకుంటారు,
నాకు రుజువు కావాలి, అంటుంది మెలానియా.

నిన్న పాలకని పరాస్కా ఇంటికి వెళ్లింది.
పాలు లేవు. ఆవును సోమవారం అమ్మేశారు.
కొట్టంలో గడ్డి ఇంకా మేతతొట్టిలోనే ఉంది.
పరాస్కా రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకుని
ఒక్క మాట అంది: "పెచే."
మండుతోంది, అని.
గుండెమంట అనుకోవచ్చు.
డాక్టరైతే అదే రాసుకుంటాడు.

మెలానియా ఖాళీ గిన్నెతో ఇంటికొచ్చింది,
చక్కెర డబ్బా ఎత్తి చీటీ తీసింది,
రుజువు అన్న గడిలో
పరాస్కా పేరు, తేదీ, "నోటిమాట" అని రాసింది.
దాని ముందు చుక్క పెట్టలేదు.