రెండు చుక్కలు పక్కకి, ఒకటి కిందికి

గుణుపురం స్టేషను రోడ్డులో
జెరాక్సు మిషనుకీ ఇస్త్రీ బల్లకీ మధ్య మా కొట్టు.
వంశధార పొంగితే ఏ వీధిలోకి ఎప్పుడొస్తుందో
బడిపిల్లలు వేలితో నొక్కి చూసుకునే బొమ్మ
రథయాత్ర లోపు చేసిమ్మన్నారు.

సిమాంచలం మొదటి రోజే తేల్చేశాడు:
"పైనుంచి చూపించీద్దాం అపా,
తిన్నగా, గద్ద చూసినట్టు.
కొలిస్తే కొలతకొస్తాది."
వచ్చింది.
పాత బజారు మూడు వందల అంగలు,
తెరమీద మూడు వందల చుక్కలు.
కానీ బెహరా వారి మూడంతస్తుల మేడా
దాని పక్కన ఆవుని కట్టేసే పాకా
రెండూ రెండు చదరాలే.
ఏది మునుగుతుందో గద్దకేం తెలుసు.

రాత్రి కూర్చుని
ఊరిని ఒక మూలకి తిప్పి, కాస్త వంచాను.
ఐసోమెట్రిక్.
ముప్పై డిగ్రీలంటారు గానీ
చుక్కలు మెట్లు తప్పకుండా నడవాలంటే
రెండు పక్కకి, ఒకటి కిందికి,
ఇరవయ్యారున్నర.
ఆ మూడున్నర డిగ్రీల అబద్ధం
ఈ పనిలో ఉన్నవాళ్ళందరం ఆడేదే.
గోడలు లేచాయి. అరుగులు లేచాయి.
"మిఠాయి పెట్టెల్లాగున్నాయి" అన్నాడు సిమాంచలం,
మెచ్చుకున్నాడో లేదో.

కంటికి కనిపించినట్టే గీసే మూడో పద్ధతీ ఉంది.
దాని జోలికి పోలేదు.
అందులో దూరమైనవి చిన్నవైపోతాయి.
అటు భువనేశ్వరం నుంచీ ఇటు విశాఖ నుంచీ చూసి చూసి
మా ఊరు ఇప్పటికే ఆవగింజంత.
ఈ రెండింట్లో చూసేవాడికంటూ ఒక చోటు లేదు.
ఏటి ఒడ్డున ఆఖరి గుడిసె
తాసీల్దారు ఆఫీసు పక్కనుంటే ఎంతో
అక్కడా అంతే.

శుక్రవారం పుట్టాసింగు బస్సు దిగి ఎస్తేరు వచ్చింది,
ఇళ్ళకి రంగులు వెయ్యడానికి.
చాలాసేపు చూసి ఒక కప్పు మీద వేలు పెట్టింది.
"ఇది గట్టు మీదుందా, గట్టు వెనకుందా?"

టైలరు పోలయ్య ఇల్లు అది.
ఒక మెట్టు పైకున్నా
ఒక గడి వెనక్కున్నా
తెరమీద అదే చుక్క.
"వెనక" అన్నాను.
"అయితే మునుగుతాది. బొమ్మలో మునగట్లేదు."

ఆపైన ఇంకోటి అడిగింది:
"అటేపు గుమ్మాలున్నోళ్ళు ఎలాగ బయటికొస్తారు?"
సిమాంచలం టీ గ్లాసు కింద పెట్టాడు.

మతం మారకముందు వాళ్ళవ్వ
గోడ మీద ఇడితాల్ గీసేదట.
ఇల్లు ఎదరనుంచి, దారి పైనుంచి,
లోపలి మనుషులు గోడే లేనట్టు.
"దాన్నే ప్రొజెక్షనంటారు మరి?" అన్నాడు సిమాంచలం.
ఎస్తేరు నవ్వలేదు.
"చచ్చిపోయినోళ్ళు చూడ్డానికి గీసేది.
ఆళ్ళు ఎక్కడ నిలబడి చూస్తారో
ఎవలికి తెలుసు."

ఐసోమెట్రిక్కే ఉంచాం చివరికి.
ప్రతి ఇంటి కిందా నేల ఎత్తు అంకె వేశాం,
అందం చెడినా సరే.
మూల నొక్కితే ఊరు తిరుగుతుంది,
నొక్కి పట్టుకుంటే వెల్లకిలా పడుకుని
సిమాంచలం గద్దకి కనబడుతుంది.

మొదటొచ్చిన కుర్రాడు నీళ్ళ గుర్తు నొక్కనే లేదు.
ఊరిని తిప్పాడు, మళ్ళీ తిప్పాడు,
ముక్కు తెరకి ఆనించి వెతికాడు.
"మా పెరటి గుమ్మం ఏదీ?"
ఆ వైపు గోడలన్నీ
ఇంకా ఒట్టి బూడిదరంగు.

పేరడిగి రాసుకున్నాను, ఏ వీధో కూడా.
ఎస్తేరు అప్పటికే
కుంచె కోసం చూస్తోంది,
తెరకి కుంచె అక్కర్లేదని మరిచిపోయి.