తవుడూ బొగ్గూ

కళింగపట్నం సచివాలయం, రెండో కౌంటరు.
"పేరేటి తాతా, మనవడికి?"
ఆ పిల్ల కళ్ళు తెర మీదే ఉన్నాయి.
"బొగ్దన్."
వేళ్ళు ఆగేయి.
"గ కింద ద ఒత్తా? ఏ దేముడి పేరిది?"

ఏ ఒక్క దేముడిదీ కాదమ్మా,
దాంతో వచ్చిన చిక్కే అది.
బోగ్ అంటే వాళ్ళకి దేముడు.
దన్ అంటే ఇచ్చింది. మన దానంలో దా ఉందే, అదే.
అంతకు ముందు, గుడులూ గంటలూ రాని రోజుల్లో
బోగ్ అంటే వాటా అట.
వల లాగేక ఒడ్డున చేప కుప్పలు పోసి
నీకింత నాకింత అని పంచేవోడే దేముడు.
అరసవల్లి లైనులో నిలబడితే అయ్యగారు చదువుతారు చూడు,
పన్నెండుమంది సూర్యుల్లో భగుడని ఒకడు,
వాడూ వీడూ ఒక్క తల్లి బిడ్డలని
చదువుకున్నోళ్ళంటారు.
నాకు తెలీదు.

నాకు తెలిసిన బొగ్దన్
వర్నా రేవు నుంచి వచ్చిన సెకండ్ ఇంజనీరు.
ఆ ఓడలో నాను ఫిట్టర్ని.
ముగ్గురు పోయేక పుట్టేడట.
వాళ్ళ ముత్తాతదీ అదే పేరు,
ఆ పేరుతో సాధువెవడూ లేడని
పాదిరీ పుస్తకంలోకి రానివ్వలేదట.
పుస్తకంలో తోదోర్, గుమ్మంలో బొగ్దన్.
రెంటికీ అర్థం ఒకటే.
పాదిరీకి తెలుసో లేదో.

"మరి నీది?" అన్నాడు, జనరేటర్ల హోరులో.
తవిటయ్య అంటే మా భాషలో రాజు అన్నాను.
నాలుగు కాంట్రాక్టులు ఆ అబద్ధాన్ని
బాయిలర్ సూటు జేబులో పెట్టుకు తిరిగేను.
"కింగ్" అని పిలిచేవోడు,
మడ్డి నీళ్ళలో మోకాళ్ళదాకా దిగబడ్డప్పుడు కూడా.

ఆఖరి రాత్రి డెక్కు మీద చెప్పేసేను.
నా ముందు పుట్టినోళ్ళు పురిట్లోనే పోతే
మంత్రసాని గవరమ్మ నన్ను చేటలో వేసి
పెంటకుప్ప మీద పెట్టిందని,
మా అమ్మ అసిరమ్మ పచ్చి బాలింత నడిచొచ్చి
మానెడు తవుడు కొలిచి
పరాయి బిడ్డలా కొనుక్కుందని,
చవక సరుకనుకుని
చావు పక్కింటికి పోయిందని.

అతను నవ్వలేదు. సిగరెట్టు ఆర్పేడు.
"నన్ను ఊరికే ఇచ్చేరు.
నీకు మీ అమ్మ ధర కట్టింది."
తర్వాత చాలాసేపు నీళ్ళకేసి చూసేడు.
నాను మళ్ళా ఆ ఓడ ఎక్కలేదు.
అతని నంబరు ఇప్పుడు మోగదు.

మా కూతురు ఆరేళ్ళు మందులు మింగింది, అందుకని
వీడికా పేరు.

ఇదంతా ఆ పిల్ల ఎక్కడ టైపు చేస్తుంది?
వెనక పింఛను లైను సణుగుతోంది.
మిషన్లోంచి వెచ్చగా వచ్చిన కాయితం మీద
"బొగ్గుదాన్" అని ఉంది.
దిద్దాలంటే అఫిడవిట్టు,
శ్రీకాకుళం దాకా రెండు తిప్పులు.

ఇంట్లో మా ఆవిడ కూడబలుక్కుని చదివింది.
"ఒలమ్మ, బొగ్గా!
మంచిదేలే, గుంటడికి దిష్టి తగల్దు" అని
వాడి అరికాలికి కాటుక చుక్క పెట్టింది.

లైట్‌హౌసు దీపం గోడ మీదుగా ఒకసారి పోయింది.
కాయితం మడిచి ట్రంకుపెట్టెలో వేసేను.
దిద్దించడానికి
ఇంకా వెళ్ళలేదు.