ఒక మెట్టు కింద

పదకొండేళ్ళ తర్వాత వచ్చింది.
ఓస్మో కొట్లో చివరి రికార్డు అదృష్టంకొద్దీ నాకు దొరికింది.
అబద్ధం. గల్లాపెట్టె కింద నాకోసం దాచాడు,
దాచినందుకు రెండు యూరోలు ఎక్కువ గుంజాడు.

అట్ట మీద మనుషులు లేరు.
మంచులో ఒక ఫ్లాస్కు, మూత తీసి ఉంది,
ఆవిరి మాత్రం ఫొటోలోకి రాలేదు.
కోట్కా రేవులో అలాంటి ఫ్లాస్కు లేని ఇల్లు లేదు.
మా నాన్నది ఇప్పటికీ కారుతూనే ఉంది, పారెయ్యలేదు.

'మూడో షిఫ్టు' వాళ్ళ పేరు.
పేపరు మిల్లులో రాత్రి పని దిగి
తడి గుజ్జు వాసనతోనే గిటార్లు తగిలించుకున్న నలుగురు.
మిల్లు మూతపడింది.
వాళ్ళింకా షిఫ్టు దిగలేదు.

నేను క్రేను నడుపుతాను.
నలభై మీటర్ల ఎత్తున గాజు గది,
కింద గడ్డకట్టిన సముద్రం,
ఓడ చీల్చుకుపోయిన నల్లటి గీత
చూస్తుండగానే మళ్ళీ అతుక్కుంటూ.
జనవరిలో పొద్దు తొమ్మిదికి గాని లేవదు,
మూడున్నరకల్లా ముడుచుకుంటుంది.
ఒక చెవిలో వాళ్ళు, ఇంకో చెవిలో వాకీటాకీ.
రూల్సు ఒప్పుకోవు. రాసుకోండి.

మొదటిది పాట కాదు, గొంతు సవరించుకోవడం.
రెండోదానికి కంటైనర్ని గాల్లోనే ఆపేశాను.
వేయికో బేసు వాయిస్తుంటే
లంగరు గొలుసు బురదలోకి, తొందర లేకుండా,
కొక్కెం తర్వాత కొక్కెం దిగుతున్నట్టు.
మూడోది సాగదీశారు. తొమ్మిది నిమిషాలు!
ఆ కీబోర్డు కుర్రాడెవడో గాని
పెళ్ళి విందులో ఆకలిగొన్నవాడిలా
ప్రతి గిన్నెలోనూ చెయ్యి పెట్టాడు.
మనవాళ్ళ తప్పులు మనమే ముందు చెప్పేయాలి,
బయటివాళ్ళకి ఆ సరదా మిగల్చకూడదు.
నాలుగోది మా అమ్మాయికి నచ్చింది,
అందుకే దానిమీద నాకు అనుమానం.

ఐదోది.
ఐదోదాని గురించి చెప్పాలనే ఇదంతా.

ఆర్వో గొంతుకి కత్తి పడిందని ఊరందరికీ తెలుసు.
రెండేళ్ళు చేపల బజార్లో
చిన్న పుస్తకంలో రాసి చూపించి బేరమాడాడు,
అప్పుడు కూడా పైసా తగ్గలేదు.
ఒకప్పుడు, మాకు ఇరవయ్యేళ్ళప్పుడు,
కార్మికుల హాల్లో ఆ గొంతు
మిల్లు కూతని దాటి ఇంకో మెట్టు పైకి పోయేది.
అక్కడికి చేరేసరికి
మేమంతా మునివేళ్ళ మీద ఉండేవాళ్ళం
కిందనుంచి అతన్ని ఎత్తుతున్నట్టు.

ఈ పాటలో మళ్ళీ ఆ దారినే ఎక్కుతాడు.
గరగరమంటూ, కమ్మీ పట్టుకుని,
ఒక్కో మెట్టుకీ ఊపిరి లెక్క చూసుకుంటూ.
క్రేను నిచ్చెన మీద నా మోకాళ్ళు చేసే చప్పుడు
నాకు తెలుసు, అదే.
ఆ పై స్వరం రావలసిన చోట
ఆగిపోతాడు.

మిషన్లతో అతకలేదు.
ఎవడో కుర్రాణ్ణి తెచ్చి పాడించలేదు.
గిటారు దుప్పటి కప్పలేదు.
డ్రమ్ము అంచు మీద పుల్లతో
నాలుగు దెబ్బలు. అంతే.
తర్వాత మామూలుగా కిందికి దిగి
తర్వాతి మాట అందుకుంటాడు,
తలుపు దాకా వెళ్ళి
తట్టకుండా తిరిగొచ్చిన మనిషిలా.

మొదటిసారి విన్నప్పుడు సరిగ్గా ఆ నాలుగు దెబ్బల మధ్య
వాకీటాకీ అడిగింది, "ఇర్మెలీ, పడుకున్నావా?"
లేదన్నాను. బయటికి రాలేదు.
మళ్ళీ అన్నాను, లేదని.
కింద పసుపు కోట్లు తలెత్తి చూస్తున్నాయి,
ఏదో వేడి దేశపు అరటిపళ్ళు పన్నెండు టన్నులు
నా చేతికింద చలిలో ఊగుతున్నాయి.

మార్చిలో ఐస్ హాకీ హాల్లో కచేరీ.
టికెట్టు కొన్నాను, నిలబడే చోట.
మనవాళ్ళ సంగతి నాకు తెలుసు.
ఆ చోటు రాగానే రెండు వేల గొంతులు
అతని బదులు పైకి లేస్తాయి,
ప్రేమతోనే,
పడబోయేవాణ్ణి పట్టుకున్నట్టు.

అతను పడటం లేదు.
దయచేసి ఎవరూ పాడకండి.
కావాలంటే మునివేళ్ళ మీద నిలబడదాం,
నోరు మూసుకుని,
ఆ నాలుగు దెబ్బలూ అయ్యేదాకా.