ఓదెలు ముడి

ఆరు నెలలు కూసోని రాసిన ఆ రాజ్యాన్ని.
ఏడు కోటలు, రెండు కరువులు,
చూపు లేని ఒక రాణి, ఆమె వంశంల తొమ్మిది తరాల పేర్లు.
నది ఎక్కడ పుట్టిందో, ఉప్పుబండ్లు ఏ దారిన పోతయో
అన్నీ రెండువందల పేజీల నోటుబుక్కుల.

హన్మకొండ చౌరస్తా దాటినంక
జిరాక్సు దుకాణం మీది గదిల
శనివారం రాత్రి ఎనిమిదింటికి నలుగురం.
ఎంజీఎంల డ్యూటీ దిగి, చేతులకింకా మందుల వాసనతోని తబస్సుమ్.
కాజీపేట డీజిల్ షెడ్డు నుంచి క్రాంతి.
కొత్తవాడల జంపఖానాలు నేసే ఓదెలు.
అడ్డంగ అట్ట పెట్టుకోని, దాని ఎనక దేవుని లెక్క నేను.

ఆళ్లు పాచికలు ఏస్తుండిరి, నేను కథ చెప్తుంటి.
నిజం చెప్పాలంటె
ఆళ్లు ఏసినా ఏయకున్నా నా కథ ఆగేది కాదు.
క్రాంతి పగలగొట్టకుంటె తలుపే తెరుసుకునేది.
తబస్సుమ్ మందు పొయ్యకున్నా రాజు బతికేటోడు,
నాకు ఆయన ఆరో కోట కాడ కావాలె గనుక.
పదకొండు వారాలు గిట్లనే.
నా రాజ్యంల ఆళ్లు కిటికీ పక్క కూసున్న ప్రయాణికులు:
ఊర్లను సూస్తరు, దిగరు.

పన్నెండోసారి వాన. కరెంటు పోయింది.
మూడు ఫోన్ల వెలుతుర్ల నది పొంగిచ్చిన.
నడి నీళ్లల్ల పడవ, పడవల ముప్పై మంది,
ఆవలి ఒడ్డున నేను ముందుగాల్నే రాసిపెట్టిన ముని.
చెయ్యెత్తుతడు, నది ఆగుతది. పేజీ నూటనలభై.

తబస్సుమ్ చాయ్ గిలాస కింద పెట్టింది.
"ఎవలో ఒకలొచ్చి ఆపుతరు గదా భయ్యా?
ఆపేదాంక జర కండ్లు మూసుకుంట.
పొద్దటిసంది నిలబడే ఉన్న."
కోపంగ అనలే. గదే నొచ్చింది.

రేకుల మీద వాన సప్పుడు.

అప్పుడు ఓదెలు,
ఇన్ని వారాలల్ల "ఊఁ" తప్ప మాట్లాడని ఓదెలు,
"అన్నా, పడవల తాడున్నదా?"

తాడు.
రెండువందల పేజీలల్ల ఎక్కడా తాడు రాయలే నేను.
మొదటి వారం ఆయనిచ్చిన కాగితం తీసిన,
మడతల కాడ చినుగుతున్నది.
పేరు: సూరడు. పని: తాళ్లు పేనుడు.
'ఇతని దగ్గర ఏమున్నది' అన్నకాడ పెన్సిల్‌తోని ఒక్కటే లైను:
మా నాయిన నేర్పిన ముడి. ఎంత గుంజితె అంత బిగుస్తది.

చదివిన నేను అప్పుడే. చదివి, బాగుందనుకోని,
తొమ్మిది తరాల పేర్లు రాసుకునుట్ల పడ్డ.

"ఉన్నది" అన్న.
మునిని అట్లనే ఒడ్డు మీద నిలబెట్టి పేజీ మూసిన.

ఇరవై మొకాల పాచిక బల్ల మీద దొర్లి
టిఫిన్ డబ్బకు తాకి ఆగింది. నాలుగు.
నాలుగు సరిపోదు. అందరికీ ఎరుకే.
మొదటిసారి అట్ట పక్కకు పెట్టిన.
"ముడి నిలుస్తది. తాడు నీ చెయ్యి తీస్కపోతది.
ఇడుస్తవా, పట్టుకుంటవా?"

ఓదెలు మస్తు సేపు తన కుడిచెయ్యి దిక్కే సూసిండు.
దారాలు కోసి కోసి గీతలు పడ్డ వేళ్లు.
గజం లెక్కన కూలి ఇచ్చే సేటుకు ఆ చెయ్యి తెలుసు,
పేరు తెల్వదు.
"పట్టుకుంట."

పడవ ఒడ్డుకొచ్చింది.
క్రాంతి కండ్లు తుడుసుకుంట పొగ అన్నడు. గదిల పొగ లేదు.
రాణి వంశం గురించి ఎవలూ అడగలే,
ఆ రాత్రీ, ఆ తర్వాతా.

ఆ తర్వాత తక్కువ రాసిన, ఎక్కువ యాదుంచుకున్న.
ఉప్పుబండ్ల దారిల ఎక్కడో ఒక ముసలవ్వ ఆవును కట్టేస్తుంటది.
ఏం ముడవ్వా అది అంటె
"సూరని ముడి బిడ్డా, ఒంటిచేతితోని గూడ ఏయచ్చు."
నేను గది చెప్పినప్పుడు ఓదెలు తల ఎత్తలే.
ఎడమచేతితోని పాచికను అటిటు దొర్లిచ్చుకుంట కూసున్నడు.

పన్నెండో రాత్రి, వాన ఎలిసి మెట్లు దిగినంక,
సైకిల్‌మోటరు ఎనక టిఫిన్ కట్టిండు, జంపఖానా దారంతోని.
"నిజంగనే ఉన్నదా ఆ ముడి?"
గుంజి సూడుమన్నడు.
గుంజిన.