ఎంత కొంత?

మా అయ్య తాళాలు పగలగొట్టేవోడు.
నేను బాగు చేస్తాను.
రెండూ ఒకటే చేతివాటమంటారు కాశీబుగ్గలో.
"నెత్తురెక్కడికి పోతాదిరా, గుంటడా?"

తాళంచెవి పోయిందని పిలుస్తారు.
నేను వంగి తీగ తిప్పుతుంటే
ఇంటాయన నా వేళ్ళని చూస్తాడు, తలుపుని కాదు.
మెట్లు దిగీసరికి
వెనకాల బీరువా కిర్రుమంటాది.

అయ్య వేలిముద్రలు పదీ
స్టేషన్ రికార్డులో ఉన్నాయి, నల్లగా, చక్కగా.
అమ్మవి ఎక్కడా లేవు.
పలాసలో ఇరవయ్యేళ్ళు జీడిపిక్కలు కొట్టి
ఆ నూనెకి గీతలన్నీ కాలిపోయాయి.
రేషన్ మెషిను ఆవిడని మనిషని ఒప్పుకోదు.
నేను ఆవిడ కొడుకుని కూడా.
అదెవరికీ గుర్తు రాదు.

సైకాలజీ చెప్పే బెహరా మేష్టారు
షట్టర్ తీయించుకుంటూ అన్నాడు:
కవలల మీద లెక్కలున్నాయట,
పెంపుడుపోయిన పిల్లల మీద లెక్కలున్నాయట.
"నేరబుద్ధి రక్తంలో కొంత వస్తుందయ్యా, అంతా రాదు."
"ఎంత కొంత, మేష్టారూ?"
జేబులో చిల్లర వెతుక్కున్నాడు.

నిన్న మా చిన్నది, నాలుగేళ్ళది,
వాళ్ళమ్మ జడపిన్నుతో
ట్రంకుపెట్టె తాళం తీసీసింది.
మా ఆవిడ పడీపడీ నవ్వింది.
నేను పిన్ను లాక్కుని
పెట్టెలో బట్టలు
లెక్కపెట్టాను.