బండికి తాగుడు నేర్పిన వారం

ఆదోనిలో జిన్నింగు మిల్లు గోడ వెనక నా రేకుల షెడ్డు.
సీజనంతా దూది నూగు ఎగిరొచ్చి
విప్పిపెట్టిన ప్రతి ఇంజను నోట్లో పడుతుంది.
అందుకే ముందు తడిగుడ్డ పరిచి
గిడ్డయ్య పాత మారుతి కార్బొరేటరును దాని మీద పెట్టాను,
నీళ్ళు పోయడానికి పసిబిడ్డను
కాళ్ళ మీద వేసుకున్నట్టు.

పోయిన వానలకు గిడ్డయ్య మొక్కజొన్న
కంకి మీదే నల్లబడింది.
యార్డులో ఎవరూ ముట్టలేదు.
"మనుషులు తినరంట, కోళ్ళు తినవంట,
స్పిరిట్టు ఫ్యాక్టరీ ఒకటే తింటాదంట."
అమ్ముకొని వచ్చినోడు
వచ్చిన ఆ కాస్త డబ్బుతో పాటు ఒక పంతం తెచ్చుకున్నాడు:
"నా గింజల మీద నా బండి నడవల్ల."

నడుస్తుందన్నాను. ఊరికే నడవదన్నాను.
పెట్రోలు రెండు గుక్కలు తాగే చోట
ఇది దాదాపు మూడు అడుగుతుంది.
జెట్టు రంధ్రం పెద్దది చెయ్యాలి.
వెంట్రుకంత డ్రిల్లు బిట్టును వేళ్ళతోనే తిప్పాలి,
ఊపిరి బిగబట్టి.
ఒక చుట్టు ఎక్కువైతే
పోయిన ఇత్తడి మళ్ళీ రాదు.
ఉబ్బిపోయే పాత రబ్బరు పైపులన్నీ పీకేశాను.

మొదటి రోజు కిలోమీటరు పోయి ఆగింది.
ఫిల్టరు విప్పితే నల్లటి బురద.
ఇరవై ఏళ్ళుగా ట్యాంకు అడుగున
ఎవరికీ చెప్పకుండా దాచుకున్నదంతా
ఈ కొత్త ద్రవం కడిగి పైకి తెచ్చింది.
తాగినోడు కడుపులో మాట కక్కినట్టు
మూడు రోజులు కక్కింది, మూడు ఫిల్టర్లు.
నాలుగో రోజుకు ప్లగ్గు మొన
గోధుమరంగుకు తిరిగింది.
సైలెన్సరు దగ్గర మాత్రం వాసన.
తియ్యగా, పులిసినట్టు.

ఆ రాత్రి సబ్బుతో నాలుగుసార్లు కడిగిన చేతులే
కంచం ముందు పెట్టాను.
మాయమ్మ ఫక్కీరమ్మ
సంగటి ముద్ద చేతిలో పట్టుకొని ఆగిపోయింది.
మా నాయన వీధి మలుపులో ఉండగానే
ఎన్ని ప్యాకెట్లో చెప్పగలిగిన ముక్కు అది.

"బండికమ్మా," అన్నాను. "బండికి పోసేది."
"మీ నాయనా ఏదో ఒకటి చెప్పేవాడు."
"మనుషులు తాగకుండా అందులో చేదు కలిపినారమ్మా."
ముద్ద కంచంలో వేసింది.
"చేదుకు మానేటోడా మీ నాయన?"

పొద్దున్నే షెడ్డుకు వచ్చింది, నిజమో కాదో చూడడానికి.
డిసెంబరు చలి. చోక్ ఎంత లాగినా
ఇంజను దగ్గుతుంది గానీ లేవదు.
సీసాలోంచి రెండు మూతల పెట్రోలు
కార్బొరేటరు గొంతులో పోశాను.
అప్పుడు వణికింది, కుదుటపడింది, నిలబడింది.
అమ్మ ఆ వణుకును చూస్తా ఉంది.
తెల్లవారుజామున గ్లాసు పట్టుకోలేని చేతులు
మొదటి గుక్క పడేదాకా ఎట్లా వణికేవో
మా ఇద్దరికీ తెలుసు.
ఎవరమూ అనలేదు.

ముందు సీట్లో కూర్చుంది, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని.
ఆలూరు రోడ్డు ఎక్కాం.
రెండు పక్కలా కోసేసిన మొక్కజొన్న మోళ్ళు.
ఇంజను వేడి పాతకాలం కన్నా తక్కువ చూపిస్తోంది.
మూడో గేరులో ఎప్పుడూ ఏడ్చే మిట్ట
ఈసారి ఏమీ అనకుండా ఎక్కింది.
నాకు ఈల వెయ్యాలనిపించింది. వెయ్యలేదు.

రైలు గేటు దగ్గర కొంగు కొంచెం దించి అడిగింది:
"ఎంత తాగుతాది ఇది?"
"లీటరుకు పదమూడు కిలోమీటర్లమ్మా.
ముందు పద్దెనిమిది ఇచ్చేది."
వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది.
ఆమె లెక్కలు నాకు ఎప్పుడూ దొరకవు.

గేటు లేచింది. వెనక లారీవాడు హారన్ కొట్టాడు.
"ఎంతన్నా తాగనీలే.
తాగినాక ఇంటికొస్తాదా?"

ట్యాంకు అడుగున ఇంకా ఎంత మిగిలుందో
నాకు మాత్రం ఏం తెలుసు.
జేబు తడుముకున్నాను.
ఇంకో ఫిల్టరు ఉంది.